తక్కెడ గదికి గాలి డబ్బా

మొన్న మనవరాలి ల్యాప్‌టాప్ బాగుచేయిద్దామని ఒక షాపుకి వెళ్ళాను. షాపాయన దాన్ని తిరగేసి, చేత్తో ఒక డబ్బా పట్టుకుని బుస్సుమని గాలి కొట్టాడు. లోపలి దుమ్మంతా లేచి నా పంచె మీద వాలింది. దానికి నాకు అభ్యంతరం లేదు. ఆయన మోచేతి పక్కనే దేవుడి పటం ముందు రెండు అగరొత్తులు ఎర్రగా కాలుతున్నాయి. దానికి ఉంది.

"ఆ డబ్బాలో ఏముంది నాయనా?" అన్నాను.

"ఎయిరండీ."

"ఎయిరంటే?"

"ఎయిరంటే ఎయిరేనండీ తాతగారూ. గాలి."

డబ్బా అడిగి తీసుకుని, కళ్ళజోడు సర్దుకుని చదివాను. చీమ తలకాయంత అక్షరాల్లో, నిప్పుకు దూరంగా ఉంచమని రాసే ఉంది. వేలు పెట్టి చూపించాను. ఆయన నవ్వి, "అట్టాంటియ్యి అన్నిటి మీదా రాస్తారండీ" అన్నాడు.

నేను ఎనిమిదో తరగతిలో బడి మానేసినవాణ్ణి. ఆ తర్వాత నాకు చదువు చెప్పింది బెజవాడలో పాత పుస్తకాలమ్మే కొట్లు. అట్ట ఊడిన రసాయనశాస్త్రం, మధ్యలో పేజీలు లేని భౌతికశాస్త్రం, పక్కన ఒక ఇంగ్లీషు నిఘంటువు. ఇలా కూడబెట్టుకున్న అక్షరం నాది. అచ్చులో ఎదురుగా ఉన్న మాటను చదవకుండా నవ్వేసేవాళ్ళను చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఈ వయసులో ఒళ్ళు మండటం మంచిది కాదని డాక్టరు అంటాడు. ఆయన రాసే మందుల చీటీ కూడా ఎవరూ చదవలేరు.

"గాలేనండీ" అనే ఆ మాటను, ఆ నవ్వుతో సహా, నేను మొదటిసారి విన్నది డెబ్బయ్యో దశకంలో, గుణదలలో. అప్పుడు దాని మీద ఒకరి ఉద్యోగం ఆధారపడి ఉంది.

అప్పట్లో నేను అక్కడొక ప్రైవేటు ల్యాబులో అసిస్టెంటుని. ల్యాబంటే రక్తం, మూత్రం పరీక్షించేది కాదు. పామర్రు వైపు నుంచి రైతులు సంచుల్లో మట్టి తెచ్చేవారు. ఉయ్యూరు వైపు నుంచి చెరకు రసం, బెల్లం దిమ్మలు వచ్చేవి. నూనెలు, తవుడు, ఎరువులు కూడా వచ్చేవి. వాటిలో ఏది ఎంత ఉందో తేల్చి కాగితం మీద రాసిచ్చేవాళ్ళం. దాని ప్రొప్రయిటరు గారు ఎరువుల డీలరు, రైసుమిల్లు ఓనరు కూడా. తన ఎరువును తన ల్యాబులోనే పరీక్ష చేయించుకుని, బాగుందని తనే సంతోషపడేవారు. మనిషి చెడ్డవాడు కాదు. కాకపోతే లోకంలో ఉన్న ప్రతి వస్తువూ వడ్ల బస్తాలాంటిదేనని ఆయన గట్టి నమ్మకం. గుప్పిట్లోకి తీసుకుని, వాసన చూసి, ఒక గింజ పంటికింద వేస్తే దాని సంగతి తెలిసిపోవాలి. తెలియకపోతే తప్పు సరుకుది.

ఆ ల్యాబుకి ప్రాణం ఒక తక్కెడ. అనలిటికల్ బ్యాలెన్సు అంటారు. అద్దాల పెట్టెలో కూర్చుని, ఊపిరి తగిలినా ఊగే సున్నితపు సరుకు. మద్రాసు నుంచి రైల్లో ప్రొప్రయిటరు గారు స్వయంగా ఒళ్ళో పెట్టుకుని తెచ్చారు. దాని కోసం కిటికీలు బిగించిన ఒక చిన్న గది కట్టించారు. గాలి తగలకూడదని అంత జాగ్రత్త. ఆ గది కట్టించింది మాత్రం తన రైసుమిల్లు గోడకి ఆనించి! మిల్లు ఆడినంతసేపూ ఊక నుసి గోడల సందుల్లోంచి, తలుపు కింద నుంచి, ఎక్కడి నుంచో అక్కడి నుంచి వచ్చి ఆ తక్కెడ పళ్ళేల్లో కూర్చునేది. తక్కెడా ఆయనదే, దుమ్మూ ఆయనదే. రెంటినీ విడదీయడం మాత్రం మా పని.

ఆ పని కెమిస్టుగారి మీద పడింది. కెమిస్టంటే పామర్రు దగ్గర ఒక రైతుగారి అమ్మాయి. ఎమ్మెస్సీ చదివి మా ల్యాబులో చేరింది. ఇంకా ప్రొబేషనులోనే ఉంది. వాళ్ళ నాన్నగారు ఆమెను బెజవాడలో గది తీసుకుని ఉండనివ్వడానికి ఒక్క షరతు పెట్టారు. దసరాలోపు ఉద్యోగం పర్మనెంటు కావాలి, లేకపోతే సామాను సర్దుకుని ఇంటికి వచ్చెయ్యాలి. ఈ సంగతి ఆమె నాకు చెప్పింది. ప్రొప్రయిటరు గారికీ చెప్పింది. అదే ఆమె అమాయకత్వం. ఆయనకొక బావమరిది ఉన్నాడు, బి.ఏ. పాసై ఖాళీగా తిరుగుతున్నాడు; ఆమె వెళ్ళిపోతే ఆ కుర్చీ అతనిది. బి.ఏ. చదివినవాడు కెమిస్టెలా అవుతాడని మీకు సందేహం రావచ్చు. నాకూ వచ్చింది, అడిగాను. "ఉప్పూ పప్పూ తూచటమే కదయ్యా, నేర్చుకుంటాడు" అన్నారు ప్రొప్రయిటరు గారు.

ఆమెతో ఇంకా స్పష్టంగా చెప్పారు. "చూడమ్మా, తక్కెడ నీ చేతిలో పెడుతున్నా. దానికేమన్నా అయిందా, పర్మనెంటు ఊసెత్తొద్దు. ఏమీ కాకపోతే దసరా వెళ్ళాక చూద్దాం."

"దసరా లోపు చూడండి సార్" అంది ఆమె.

"చూద్దాంలే."

ఇక దుమ్ము మీద యుద్ధం మొదలైంది. గుడ్డతో తుడిస్తే పళ్ళెం మీద గీతలు పడతాయి. కుంచెతో దులిపితే కుంచె వెంట్రుక ఊడి లోపల పడుతుంది. గాలి కొట్టాలి, అది కూడా పొడిగా, శుభ్రంగా ఉన్న గాలి కావాలని కెమిస్టుగారు అడిగింది. 'గాలే కదా' అని ప్రొప్రయిటరు గారు వక్కపొడి నముల్తూనే వంగి, అద్దం తలుపు తీసి, నోటితో ఉఫ్‌మని ఊదారు. పళ్ళెంలో ఎర్రటి చుక్కలు పడ్డాయి. వాటిని కడిగి ఆరబెట్టడంతో ఆ పూటంతా గడిచిపోయింది.

మర్నాడు ఆయనకు మరో ఆలోచన తట్టింది. మిల్లు లారీకి పంక్చర్లు వేసే కొట్టులో ఒక పాత ట్యూబుని నిండా గాలి కొట్టించి, రిక్షాలో ఎక్కించి పంపారు. గేదె దూడంత ట్యూబు. రిక్షా అతను, నేను కలిసి దాన్ని తక్కెడ గదిలోకి దొర్లించుకొచ్చాం. కెమిస్టుగారు వద్దంటూనే ఉంది. ప్రొప్రయిటరు గారు వచ్చి, వాల్వు పిన్ను తీసి, గొట్టం తక్కెడకేసి తిప్పారు. ట్యూబు లోపల రబ్బరు అంటుకోకుండా చల్లే తెల్లపొడి ఉంటుంది కదా, అది మొత్తం వచ్చింది. తక్కెడ, బల్ల, కెమిస్టుగారి జడ, నా మీసం అన్నీ పండక్కి సున్నం కొట్టించినట్టు తెల్లబడ్డాయి.

ప్రొప్రయిటరు గారు కాస్త దగ్గి, "ఊక మాత్రం పోయింది, చూశారా" అన్నారు.

అప్పుడు వచ్చాడు కంపెనీ రిప్రజెంటేటివ్. టై, తోలుసంచి, జేబులో రెండు పెన్నులు. ల్యాబులకు గాజుసామాను అమ్ముకునే మనిషి. మా కష్టం విని, సంచిలోంచి రెండు డబ్బాలు తీసి బల్ల మీద పెట్టాడు. అంతవరకు మేమెరిగిన పిచికారీ దోమల మందు కొట్టే పంపు ఒక్కటే. ఇవి మూత మీద మీట నొక్కితే చాలు, తమంతట తామే గాలి వదిలేవి.

ఒకటి ఫారిన్ డబ్బా. బూడిదరంగుది, చూడ్డానికి దిగాలుగా ఉంది. చుట్టూ అక్షరాలే. నిటారుగా పట్టుకోండి, వంచకండి, ఎండలో పెట్టకండి, చిల్లు పొడవకండి, ఖాళీ అయ్యాక కాల్చకండి, మూసిన గదిలో ఎక్కువసేపు వాడకండి, చర్మానికి తగలనివ్వకండి. లోపలున్న వాయువు పేరు, అది మండదు అన్న ముక్క కూడా అందులోనే ఉన్నాయి. నేను నిఘంటువు లేకుండా చదివాను. రెండోది దేశవాళీ. దాని మీద నిండుగా విచ్చిన గులాబీ పువ్వు బొమ్మ, కింద నక్షత్రాలు. ఇంకేమీ లేవు.

కెమిస్టుగారు గులాబీ డబ్బా అందుకుని చెవి దగ్గర ఊపింది. లోపల ఏదో గలగలమంది.

"ఇందులో ఏ గ్యాసుందండీ?"

"గాలేనండీ మేడమ్. గట్టిగా కూరి పెట్టిన గాలి."

"గాలైతే నీళ్ళలా కదుల్తుందేంటండీ?"

"అది సెంటండీ" అన్నాడు రిప్రజెంటేటివ్, చెమట తుడుచుకుని.

"డబ్బాలో సగానికి సెంటు పోసి అమ్ముతున్నారా? మరి మీకు గిట్టుబాటు ఎలా అవుతుందండీ?"

ఆ ప్రశ్నకు అతను నవ్వాడు. చెప్పానే, ఆ నవ్వు. ఆమె నా వైపు తిరిగి మెల్లగా చెప్పింది. "అన్నయ్యగారూ, ఇది వంటగ్యాసు లాంటిది. ఒత్తిడికి ద్రవమైపోయి ఉంటుంది. దాని అసలు వాసన తెలియకుండా సెంటు కలిపారు. మన గదిలో కిటికీలు తెరవం. పక్కగదిలో స్పిరిటు దీపం ఉంటుంది. నాకు భయంగా ఉంది."

ఇదే మాట ఆమె ప్రొప్రయిటరు గారితోనూ అంది. ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని, వడ్ల శాంపిలు చూసినంత శ్రద్ధగా రెండు డబ్బాలూ పరీక్షించారు. ఫారిన్ డబ్బాలోది అరచేతిలోకి కొట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నారు.

"ఏం రాట్లేదేంటయ్యా? ఇందులో సరుకుందా?"

"వాసన ఉండదండీ దానికి" అన్నాడు రిప్రజెంటేటివ్.

"వాసనుండకపోతే ఉందో లేదో ఎట్టా తెలుద్ది?"

తర్వాత గులాబీ డబ్బాలోది కొట్టుకున్నారు. మొహం విప్పారింది. "అబ్బ! చల్లగా ఉందయ్యోయ్. పెళ్ళివారింట్లో పన్నీరు చల్లినట్టుంది."

"సార్, దాని మీద లోపల ఏముందో కూడా రాయలేదు. దీని మీద చూడండి, జాగ్రత్తలన్నీ వివరంగా రాశారు" అని కెమిస్టుగారు ఫారిన్ డబ్బాను ఆయన ముందుకు జరిపింది.

ప్రొప్రయిటరు గారు దాన్ని ఒక చుట్టు తిప్పి, అక్షరాల బారు చూసి, తల పంకించారు. "అదేనమ్మా నేననేదీ! ఎండలో పెట్టొద్దంట, వంచొద్దంట, ముట్టుకోవద్దంట. ఇన్ని రాశాడంటే తయారుచేసినోడికే దీనిమీద నమ్మకం లేదన్నమాట. ఇది చూడు, పువ్వు తప్ప ఒక్క ముక్క లేదు. వీడికి ధైర్యముంది. ల్యాబులో మీరంతా భద్రం భద్రం అంటారు కదా, మరి భద్రమైంది ఏది?"

నేను ఊరుకోలేకపోయాను. "ఏమండీ, ఎలుకల మందు మీద పుర్రె బొమ్మ వేయకుండా పువ్వు బొమ్మ వేస్తే తినేస్తామా?"

"నిన్నెవరడిగారయ్యా" అన్నారు ఆయన. "ఎనిమిదో తరగతోడికి ఎలకల మందు తప్ప ఇంకో ఉపమానం దొరకదు." రిప్రజెంటేటివ్ మళ్ళీ నవ్వాడు. గులాబీ డబ్బాలు ఒక పెట్టెడు మా ల్యాబులో దిగాయి.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆ ఫారిన్ డబ్బాలోని వాయువు నిప్పుకు బెదరదు కానీ పైన ఆకాశంలో ఉన్న ఏదో పొరను తినేస్తుందని, అందుకే తర్వాత దాన్ని మాన్పించారని చాలా ఏళ్ళకు పేపర్లో చదివాను. చదివి రెండ్రోజులు అన్నం సహించలేదు. భద్రమైంది ఏదని మేమంత కొట్టుకున్నామే, అందులో ఒకటి మనిషిని కాలుస్తుందట, రెండోది ఆకాశాన్ని. అప్పట్లో మా బాధ అంతా కెమిస్టుగారి ఉద్యోగం గురించే. ఆకాశం సంగతి మా దాకా రాలేదు.

ఆమె చేయగలిగింది ఆమె చేసింది. స్పిరిటు దీపాన్ని వరండా చివరికి మార్పించింది. డబ్బా వాడిన ప్రతిసారీ తక్కెడ గది తలుపు, కిటికీలు బార్లా తెరిపించేది. తెరిస్తే ఊక వచ్చేది. ఊక వస్తే మళ్ళీ డబ్బా. పైగా ఆ సెంటులో నూనె ఏదో ఉన్నట్టుంది, పళ్ళేల మీద జిడ్డు పొర కట్టి తూకం తేడా వచ్చేది. ఆ సంగతి చెబితే ప్రొప్రయిటరు గారు, "సెంటు బరువు తీసెయ్యమ్మా అందులోంచి, లెక్కలొచ్చు కదా" అన్నారు. ఆయనకు మాత్రం ఆ డబ్బా తెగ ముద్దొచ్చింది. వచ్చిన ప్రతి రైతునీ తక్కెడ గదికి తీసుకెళ్ళి ఒకసారి కొట్టి చూపించేవారు. ఉయ్యూరు నుంచి బెల్లం తెచ్చిన ఒక పెద్దాయన కళ్ళు మూసుకుని వాసన పీల్చి, "ఇక్కడ పూజ ఎప్పుడు మొదలవుద్దండీ?" అని అడిగాడు.

పూజ మొదలు కానే అయింది. దసరా వచ్చింది.

మహర్నవమి నాడు ఆయుధపూజ. మిల్లులో యంత్రాలకు, లారీకి, కాటాకి, చివరికి తవుడెత్తే పారకి కూడా పసుపు, కుంకుమ పడాల్సిందే. ల్యాబు పెట్టాక అదే మొదటి దసరా. ప్రొప్రయిటరు గారి అమ్మగారు స్వయంగా వచ్చారు. మేమందరం మామ్మగారు అనేవాళ్ళం. మిల్లు మొదలైనప్పుడు ధాన్యం తూచింది ఆవిడేనట. కొడుకు ఊరందరినీ దబాయిస్తాడు, కొడుకుని ఆవిడ దబాయిస్తుంది. కెమిస్టుగారు ఆ రోజు పట్టుచీర కట్టుకుని, తక్కెడ అద్దాల పెట్టె మీద తనే పొందిగ్గా మూడు బొట్లు పెట్టి, దండ పక్కన బల్లకి చుట్టి ఉంచింది. ఇంతవరకు చాలు, లోపలికి ఏమీ పోకుండా చూసుకుంటే గండం గడిచినట్టేనని ఆమె లెక్క. వాళ్ళ నాన్నగారు ఆ సాయంత్రం బస్సుకి వస్తున్నారు.

మామ్మగారు వచ్చి చూసి మూతి విరిచారు.

"బొట్టు పెట్టెకి పెట్టారేంటే? పెట్టెకి మొక్కుతామా, లోపలున్న తక్కెడకి మొక్కుతామా?"

"లోపల పెట్టకూడదు మామ్మగారూ, తూకం పోతుంది."

"మా కాటాకి ఇన్నేళ్ళ నుంచి పెడతన్నాను. తూకం పోయిందని ఎవడన్నా వచ్చాడటే?" అని ఆవిడ అద్దం తలుపు పైకి జరిపి, రెండు పళ్ళేలకీ, మధ్య కాడకీ బొటనవేలితో కుంకుమ దిద్దారు. చిటికెడు కుంకుమ జారి సరిగ్గా కాడ ఊగే రాతి అంచు మీద రాలింది. తక్కెడకు అది కన్నులాంటి చోటు. అక్కడ నలుసు పడితే ఇక అది చెప్పేదంతా అబద్ధమే. కెమిస్టుగారి మొహంలో నెత్తురు చుక్క లేదు.

ప్రొప్రయిటరు గారికీ అది కనిపించింది. మద్రాసు నుంచి ఒళ్ళో పెట్టుకుని తెచ్చిన తక్కెడ. తుడుద్దామని చెయ్యి చాపబోయారు.

"ముట్టుకోకురా!" అన్నారు మామ్మగారు. "పూజ చేసిన పనిముట్టు రేపు ఉద్వాసన చెప్పేదాకా చెయ్యి తగలకూడదు."

ఇది మా వైపు గట్టి ఆచారమే. నవమి నాడు బొట్టు పెట్టాక కలం కూడా ముట్టుకోం. అప్పటికే బల్ల మీద, తక్కెడకు జానెడు దూరంలో, ఇత్తడి పళ్ళెంలో కర్పూరం వెలుగుతోంది. కిటికీలు బిగించి ఉన్నాయి. దీపం కొండెక్కకూడదని తలుపు కూడా వేశారు. ఆ చిన్న గదిలో మేం నలుగురం. ప్రొప్రయిటరు గారు కాసేపు ఆలోచించారు. మొహం వెలిగింది.

"చెయ్యి తగలకూడదు. గాలి తగలొచ్చుగా?"

"గాలికేముంది" అన్నారు మామ్మగారు.

ఆయన అలమారలోంచి గులాబీ డబ్బా తీశారు.

"సార్, ఆగండి" అంది కెమిస్టుగారు. "ముందు హారతి బయటికి తీసుకెళ్దాం."

"వెలుగుతున్న హారతిని మధ్యలో కదుపుతామా? నీకు మీ ఇంట్లో ఏం నేర్పలేదా?"

"మీ చేతిలో ఉన్నది మండే గ్యాసండీ. తలుపు వేసి ఉంది. మామ్మగారి చీర కొంగు పళ్ళెం పక్కనే ఉంది."

"గాలమ్మా ఇది, గాలి!" అని ఆయన డబ్బా ఊపి, మీట మీద వేలు పెట్టి, వంగారు.

నేను బల్లకి అవతల ఉన్నాను, మధ్యలో మామ్మగారు. కెమిస్టుగారు తన వెనకనున్న అరలోంచి పెద్ద గాజు బీకరు అందుకుని, వెలుగుతున్న హారతి మీద బోర్లించింది. లోపల మంట ఒక్కసారి నీలంగా సాగి, ముడుచుకుని, ఆరిపోయింది. బీకరు నిండా తెల్లటి పొగ నిలిచింది.

నవమి నాడు, యజమానీ ఆయన తల్లీ చూస్తుండగా, జీతానికి పనిచేసే మనిషి అమ్మవారి హారతి ఆర్పేసింది! మా బెజవాడలో, దసరాల్లో! నేను దేవుడితో పెద్దగా పేచీ పెట్టుకోను, పూసుకుని తిరగను కూడా. అయినా నేనే లెంపలు వేసుకున్నాను.

ప్రొప్రయిటరు గారు డబ్బా పట్టుకుని నిటారుగా నిలబడ్డారు. "రేపట్నించి నువ్వు రావద్దు" అన్నారు.

ఆమె బీకరు మీద చెయ్యి మాత్రం తియ్యలేదు.

"రావద్దంటన్నా, వినపడిందా? గాలికి భయపడి హారతి ఆర్పేసింది! అమ్మా, చూశావా? వీళ్ళ చదువులు చూశావా? రా, బయటికి రా, లారీకి హారతి అక్కడే వెలిగిద్దాం. ఏవయ్యా, నువ్వూ రా. గాలి అంటుకుంటుందో లేదో అందరూ చూద్దురుగాని."

మిల్లు వాకిట్లో, లారీకి ఇవతల, ఒక ఇటుక మీద కొత్త కర్పూరం వెలిగించారు. కెమిస్టుగారు గుమ్మంలోనే నిలబడి, "దూరంగా ఉండండి సార్, దయచేసి వద్దు" అని గట్టిగా అరిచింది. అది విన్నాక ఆయనకు ఇంకా పట్టుదల పెరిగింది. డబ్బా పట్టుకుని వంగి, మాకందరికీ వినపడేలా "ఇదుగో, గాలి!" అని మీట నొక్కారు.

భగ్గుమంది. మూరెడు మంట లేచి, వెనక్కి మళ్ళి, ఆయన మొహాన్ని ఇలా నాకి వెళ్ళింది. ఆయన డబ్బా వదిలేసి వెల్లకిలా పడ్డారు. డబ్బా దొర్లుతుంటే నేను దాన్ని కాలితో మురుక్కాలవలోకి తన్నాను. మామ్మగారు అప్పుడే కొట్టిన కొబ్బరికాయలోని నీళ్ళు కొడుకు మొహాన కొట్టారు. దేవుడి దయో, ఆరుబయలు కావడం వల్లో, ఒళ్ళు కాలలేదు. కుడివైపు మీసం మాత్రం లేదు. కనుబొమ్మ సగం లేదు. వాకిలంతా గులాబీల వాసన, కాలిన వెంట్రుకల వాసన కలిసి గుప్పుమంది.

ఆ మీసం గురించి మీకు తెలియదు. ఎరువుల బస్తాల మీద ముద్ర వేయించుకున్న మీసం అది.

మామ్మగారు కొడుకుని లేపి కూర్చోబెట్టి, కొంగుతో మొహం తుడిచి, ఇంకేం కాలేదని రూఢి చేసుకున్నారు. తర్వాత తక్కెడ గది వైపు చూశారు. తలుపు వేసిన ఆ చిన్న గదిని, తన చీర కొంగుని మార్చి మార్చి చూసుకున్నారు. అప్పుడే ఆవిడ మొహం మారింది. అయినా పైకి మాత్రం ఇంకో రకంగా మాట్లాడారు.

"సరేరా. ఆ పిల్లని తీసెయ్. నువ్వన్న మాట నువ్వు నిలబెట్టుకోవాలిగా."

ప్రొప్రయిటరు గారు భుజం మీది తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని, దాని చాటునుంచి మూలిగారు.

"తీసేస్తే ఊళ్ళో అడుగుతారు, అమ్మాయిని ఎందుకు తీసేశావురా అని. హారతి ఆర్పిందని చెప్తావు. ఎందుకార్పింది అంటారు. నువ్వు డబ్బాతో వంగావని చెప్పాలి. వంగితే ఏవవుద్ది అంటారు. అప్పుడు తువ్వాలు తీసి మీసం చూపించు."

 మామ్మగారు కట్టినంత పకడ్బందీగా లాయరు కూడా వాదన కట్టలేడు. అవతల గుమ్మంలో కెమిస్టుగారు అలాగే నిలబడి ఉంది. నాన్నగారి బస్సు ఈపాటికి పామర్రు దాటి ఉంటుంది.

చివరికి తువ్వాల్లోంచి మాట వచ్చింది. "ఏమ్మా."

"సార్."

"రేపట్నించి రావద్దన్నానా?"

"అన్నారు సార్."

"రేపు దశమి. సెలవు. నేనన్నదదే. రేపు సెలవు రోజున ఎందుకొస్తావని. ఎల్లుండి రా."

 నేను చదివిన పుస్తకాల్లో తప్పు ఒప్పుకోవడానికి ఇన్ని దారులున్నాయని ఎక్కడా రాయలేదు. ఆమె మాత్రం కదల్లేదు.

"ప్రొబేషను మీద రమ్మంటారా, పర్మనెంటుగా రమ్మంటారా?"

"ఎల్లుండి మాట్లాడుకుందాంలే."

"మా నాన్నగారు ఇవాళే వస్తున్నారండీ. నేనాయనకి ఏమని చెప్పాలి?"

"అయిందనుకో" అన్నారాయన విసుగ్గా.

"అనుకోవడం కాదండీ."

మామ్మగారు కొడుకు భుజం మీద ఒకటి వేశారు. "సరిగ్గా చెప్పరా, ఆడపిల్ల నిలబడి అడుగుతుంటే."

"అయిందమ్మా. పర్మనెంటు. మీ నాన్నగారికి చెప్పుకో."

"ఆ డబ్బాలన్నీ వెనక్కి పంపించెయ్యాలి సార్. ఇక మీదట ల్యాబులోకి వచ్చే ఏ డబ్బా అయినా, నేను చదివి సరేనంటేనే కొనాలి."

"కొనండి. ఏదన్నా కొనుక్కోండి. డబ్బా మీద భారతం రాసుంటే అదే కొనుక్కోండి."

ఆమె తలూపి లోపలికి వెళ్ళబోయింది. ప్రొప్రయిటరు గారు మళ్ళీ పిలిచారు. ఈసారి గొంతు బాగా తగ్గింది.

"అమ్మాయ్, ఈ మీసం సంగతి... బయట ఎక్కడన్నా..."

"నేను చెప్పనండీ" అంది ఆమె. "ల్యాబులో తేలింది శాంపిలు తెచ్చినవాళ్ళకే చెబుతాం. బయటివాళ్ళకి చెప్పం."

ఆ మాట మీద ఆమె నిలబడింది. అక్కడ పనిచేసినన్నాళ్ళూ ఎవరు ఎన్ని విధాల కదిపినా ఆమె నోట్లోంచి ఒక్క ముక్క రాలేదు. ప్రొప్రయిటరు గారు కొత్త మీసం వచ్చేదాకా పంటినొప్పని చెప్పి మొహానికి తువ్వాలు చుట్టుకుని తిరిగారు. బావమరిది పంటి డాక్టరు అడ్రసు వెతికిపెట్టాడు. ఆ రోజు వాకిట్లో నన్ను మాత్రం ఎవరూ ఏ మాటా అడగలేదు. ఎనిమిదో తరగతివాడి దగ్గర మాట తీసుకోవాలని ఎవరికీ తోచలేదు. నేను ఇవ్వనూ లేదు.